పై చేను నీళ్లు

తగాదాలు మాట్లాడుకునే గదిలో నాలుగు కుర్చీలున్నాయి. చేతుల్లేని ప్లాస్టిక్ కుర్చీలు మూడు, చేతులున్న చెక్క కుర్చీ ఒకటి. మహాదేవప్ప చెక్క కుర్చీని ఎత్తి వరండాలో పెట్టి వచ్చాడు. చేతులున్న కుర్చీలో ఎవరు కూర్చున్నా ఎదుటివాళ్ల కంటే పెద్దమనిషిలా కనబడతారు. మిగిలిన మూడింటిలో రెండు ఒకవైపు, ఒకటి ఎదురుగా వేశాడు. తను కూర్చోవడానికి తలుపు దగ్గరున్న స్టూలును మధ్యకు జరిపి అడుగులతో కొలిచాడు. ఇటు మూడడుగులు, అటు మూడడుగులు.

జహీరాబాద్ బస్టాండులో ఇరవై ఏళ్లు కంట్రోలర్‌గా పనిచేసిన మనిషి అతను. వచ్చిన బస్సు టైము రాశాడే గాని ఎందుకు ఆలస్యమైందో ఎన్నడూ రాయలేదు. రిటైరయ్యాక న్యాయసేవా సంస్థవాళ్లు సంగారెడ్డిలో మూడు రోజులు కూర్చోబెట్టి, కోర్టు దాకా పోకుండా తగాదాలు ఎలా తెంపాలో నేర్పి, మెడలో వేసుకునే కార్డు ఇచ్చారు. జీతం లేదు. రెండేళ్లలో పదిహేడు తగాదాలకు మధ్యవర్తిగా కూర్చున్నాడు. ఎవరింట్లోనూ చాయ్ తాగలేదు.

ముందు బసమ్మ వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. ఒంటరి మనిషి, భర్త లేడు. కాళ్లకు ఎర్రమట్టి ఇంకా తడిగానే ఉంది. కుర్చీలో అంచున కూర్చుని అతని నుదుటి మీది విభూతిని చూసింది.

"అన్నా, మీరు హుమ్నాబాద్ దిక్కోళ్లా? మనోళ్లేనా?"

"నేను ఎవరి దిక్కూ కాదు," అన్నాడు మహాదేవప్ప. జేబులోంచి రుమాలు తీసి నుదురు తుడుచుకున్నాడు. బసమ్మ ఆ తుడవడం చూసి కుర్చీలో వెనక్కి జరిగింది.

ముఖ్తార్, అతని భార్య గౌహర్ బేగం కలిసి వచ్చారు. ముఖ్తార్ నెరిసిన గడ్డం మనిషి. కోహీర్ పోయే దారిలో బసమ్మ చేనుకు పైనున్న చేను వాళ్లది. రెండు చేన్లలోనూ అల్లమే. ఇద్దరూ పోలీసుల దాకా పోయారు. కొట్టుకోలేదు కాబట్టి కేసు లేదని, పోయి మాట్లాడుకొమ్మని వాళ్లు ఇక్కడికి పంపారు.

మహాదేవప్ప పద్ధతి చెప్పాడు. "నేను తీర్పు చెప్పను. ఒకరు మాట్లాడితే ఒకరు వినాలె. మీల ఎవరన్న నాకు ఒంటరిగ చెప్పిన ముచ్చట వాళ్లు ఒప్పుకోకుంటే రెండోవాళ్లకు చెప్పను. చంపినా చెప్పను. ఇద్దరికి కుదిరితే కాయితం రాస్త. కుదరకుంటే ఎవరన్న లేచి పోవచ్చు. నేను గూడ లేవచ్చు. ఎందుకు లేచిన్రని ఎవరు అడగొద్దు. ముఖ్తార్, నువ్వు చెప్పు."

"చెప్పేది ఏమున్నది కంట్రోలర్ సాబ్. పై చేను నాది, కింది చేను ఈమెది. పడ్డ నీళ్లు కిందికే పోతయి. మా అబ్బాజాన్ కాలం సంది ఈమె చేను అంచుకు కాల్వ ఉన్నది. దాంట్లకెల్లి వాగులకు పోతయి. పోయిన వారం ఈమె రాళ్లేసి, మట్టేసి కాల్వ మూసింది. నా అల్లం నీళ్లల్ల నిలబడ్డది. అల్లంకు తడి ఉండాలె, నీళ్లు నిలవొద్దు. ఈ ముచ్చట ఈమెకు తెల్వదా?"

"తెల్సు గనుకనే మూసిన," అంది బసమ్మ. "కాల్వ మూరెడు, నీళ్లు బారెడు. పోయినేడు ఇంకో అర్ధెకరం సాపు చేసి అల్లం పెట్టినవ్. ఆ నీళ్లు గూడ నా మీదికే తోలినవ్. నా బెడ్లు కోసుకపోయినయి. దుంపలు బయటికొచ్చి పండ్లు ఇకిలిస్తున్నయి."

"పోలీసుల దగ్గరికి ముందుగాల పోయింది ఎవరు?" అన్నాడు ముఖ్తార్.

"నేనే పోయిన. నువ్వు పార పట్టుకొని నా గెట్టు మీద నిలబడితే ఏం జెయ్యాలె, హారతి ఇయ్యాల్నా?"

గౌహర్ బేగం నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. ముఖ్తార్ ఆమె వైపు కోపంగా చూశాడు.

"నీళ్లు వేరే దారిన పోవా?" అని మహాదేవప్ప అడిగాడు.

"పడమర దిక్కు రోడ్డు కింద తూము ఉన్నది. అటు మళ్లియ్యాలంటే నా మూడు బెడ్లు తవ్వాలె. నా అల్లం నేనే తవ్వుకోవాల్నా?"

"మరి నా అల్లం నువ్వు తవ్వొచ్చా?" అంది బసమ్మ.

మహాదేవప్ప చెయ్యి ఎత్తాడు. మర్నాడు తొమ్మిదికి తాను చేన్లు చూస్తానని, ముందు కింది చేను, తర్వాత పై చేను, చెరొక గంట అని చెప్పాడు. వాళ్లు వెళ్లాక చెక్క కుర్చీని తిరిగి లోపల పెట్టి గదికి తాళం వేశాడు.

*

మర్నాడు విభూతి పెట్టుకోకుండా బస్సెక్కాడు. రాత్రి పడిన వాన తెల్లారేసరికి ఆగింది. రోడ్డు దిగి నడుస్తుంటే ఎర్రమట్టి చెప్పులకు పట్టి అడుగడుక్కీ బరువెక్కింది. చెప్పులు తీసి చేత్తో పట్టుకున్నాడు.

బసమ్మ ఎత్తుగా పోసిన అల్లం బెడ్డు పక్కన గొంతుక్కూర్చుని ఉంది. వాన కోసేసిన చోట దుంపలు బయటపడ్డాయి. ఆమె అరచేయి అంచుతో మట్టిని దగ్గరికి లాగి దుంప మీద కప్పి, రెండు వేళ్లతో నొక్కి, పైన ఎండాకు పరుస్తోంది. ఒక్కో మొక్కకూ అంతే. నొక్కడంలో తొందర లేదు. గట్టిగా నొక్కితే గాలాడదు, తేలిగ్గా నొక్కితే మళ్లీ కొట్టుకుపోతుంది. అతను వచ్చినట్టు తెలిసినా ఆ బెడ్డు చివరిదాకా పోయి గాని లేవలేదు.

"మజ్జిగ తాగుతవా అన్నా?"

"వద్దు."

కాలువ చూపించింది. నిజంగా మూరెడే ఉంది. ఒడ్డు రెండు చోట్ల తెగి నీళ్లు బెడ్లలోకి పారిన గుర్తులున్నాయి. మూసిన చోట రాళ్లను పద్ధతిగా పేర్చింది, మగవాడి పనిలా ఉంది.

"ఈ ఎకరం మీద మా బావ కన్నున్నది," అంది. "ఆడామెకు అల్లం ఏం తెలుస్తదని ఆయన మాట. ఈ ఏడు పండిచ్చి చూపిస్త, పండకుంటే చేను నువ్వే దున్నుకో అని నలుగుట్ల ఒప్పుకున్న. నోరు ఊకుంటదా. ఈ పంట నిలిస్తే చేను నాది. లేకుంటే కూలికి పోవుడే."

మహాదేవప్ప నోటుబుక్కులో కాలువ వెడల్పు రాసుకున్నాడు. మిగతాది రాసుకోలేదు. గంట కాగానే గట్టెక్కి పై చేన్లోకి పోయాడు.

అక్కడ దిగువ మూలలో బెడ్ల మధ్య నీళ్లు చీలమండల దాకా నిలిచి ఉన్నాయి. గౌహర్ బేగం చీర పైకి దోపుకుని తట్టతో నీళ్లు ఎత్తి అవతల పోస్తోంది. పోసిన నీళ్లు మళ్లీ అక్కడికే వస్తున్నాయి. ఆమెకూ ఆ సంగతి తెలుసు. అయినా పోస్తోంది.

ముఖ్తార్ అతన్ని రేకుల షెడ్డులోకి తీసుకుపోయాడు.  మళ్లీ బయటికి పోయి మూల బెడ్డులోంచి ఒక మొక్క తెచ్చాడు. ఆకులు అంచుల నుంచి పసుపెక్కాయి. కాడ కింది భాగం ఉడికినట్టు మెత్తబడింది.

"రెండు వేళ్లతోని పట్టుకుంటే ఊడొచ్చింది," అన్నాడు. "వాసన చూడు సాబ్."

చూడనక్కర లేకపోయింది. షెడ్డంతా నిండింది. చచ్చిన ఎలుక వాసన.

"దుంపకుళ్లు," అన్నాడు మహాదేవప్ప.

"ఇది నీకొక్కనికే చెప్తున్న. ఒంటరిగ చెప్పింది అటు పోదని అన్నవ్ గద."

"అన్న."

"నాలుగు బెడ్లకు తగిలింది. మందు పోసిన. నీళ్లు దిగిపోతే మిగిలిందన్న బతుకుతది. అందుకే ఈ తకలీఫ్ అంత."

"ఈ నీళ్లు కిందికి దిగితే బసమ్మ చేనుకు రోగం రాదా?"

ముఖ్తార్ మొక్కను షెడ్డు మూలకు విసిరాడు. "రావొచ్చు. రాకపోవచ్చు. అల్లా మీద భారం."

"అల్లా మీద కాదు. బసమ్మ మీద."

ముఖ్తార్ తల దించుకున్నాడు.

"ఆమెకు చెప్పు," అన్నాడు మహాదేవప్ప.

"ఎట్ల చెప్పాలె? బీదర్ సేట్లు మా చేను అల్లం కండ్లు మూసుకొని విత్తనానికి తీసుకుంటరు. మా అబ్బాజాన్ సంపాయించిన పేరు అది. ముఖ్తార్ చేన్ల కుళ్లు వచ్చిందని ఒక్క నోట్లకెల్లి వస్తే పదేండ్లు ఎవడు గేటు తొక్కడు. బసమ్మ నోరు నువ్వు విన్నవ్ గద."

"పోనీ నన్ను చెప్పమంటవా?"

"వద్దు. నువ్వు మాటిచ్చినవ్."

మహాదేవప్ప పై రోడ్డు మీదుగా వెళ్లిపోయాడు. బస్సులో నోటుబుక్కు తీసి ఆ రోజు తారీఖు కింద రాశాడు: రెండు చేన్లు చూశాను. నీళ్లు నిలిచిన మాట నిజం. కాలువ చిన్నదన్న మాట నిజం.

*

భార్య పోయినప్పటి నుంచి అతను అన్నం ఒకేసారి వండుకుని రెండు పూటలా తింటాడు. ఆ రోజు సాయంత్రం వండింది మర్నాడు పొద్దున కూడా గిన్నెలో అలాగే ఉంది. సంగారెడ్డిలో ఇచ్చిన పుస్తకం తీసి, ఒంటరిగా చెప్పింది దాచాలన్న నియమం మళ్లీ చదివాడు. మినహాయింపు ఏమైనా ఉందేమోనని వెనక పేజీ కూడా చూశాడు. ప్రాణం మీదికి వచ్చిన సంగతైతే చెప్పవచ్చని ఉంది. అల్లం సంగతి లేదు.

సూచనగా చెప్పవచ్చు. నీళ్లు జాగ్రత్త అనవచ్చు. పై చేను మూలకు ఒకసారి పోయి చూడమనవచ్చు. అది దొంగచాటుగా చెప్పడం. ఎదురుగా చెప్పడం కంటే నీచం. ఆ పని చేసేవాళ్లను అతను బస్టాండులో చాలామందిని చూశాడు. ఒక్కరితోనూ రెండోసారి మాట్లాడలేదు.

పదకొండు గంటలకు బసమ్మ అతని ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. అతను లోపలికి రమ్మనలేదు. ఆమె గడప అవతలే నిలబడింది.

"రాత్రంత ఆలోచన చేసిన అన్నా," అంది. "ముఖ్తార్ భాయ్‌ది గూడ పంటనే గద. గౌహరమ్మ తట్టతోని నీళ్లెత్తుతుంటే చూసిన, పానం గుబులైంది. కాల్వ తెరుస్త. జర వెడల్పు చేసుకొమ్మను, నా దిక్కు నాలుగు జానలు పోయినా సరే. నీళ్లు ఉర్కకుంట మధ్యమధ్యల రాళ్లు నేనే పేరుస్త. నువ్వేమంటవ్?"

"నేననేది ఏం లేదు."

"మంచిదా, చెడ్డదా? ఒక్క మాట."

"మంచిదనను. చెడ్డదనను. నీ ఇష్టం."

"నీ సొంత చెల్లె అయితే ఏం చెప్తువు?"

"నాకు చెల్లె లేదు."

బసమ్మ నవ్వింది. "నిన్ను అడుగుడు, గోడను అడుగుడు ఒక్కటే. మస్తు నిక్కచ్చి మనిషివి. మనోళ్లల్ల ఇసొంటోళ్లు లేరు. సరే, ఎల్లుండి సంతకం పెడ్త."

ఆమె గల్లీ మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు. నోరు విప్పకపోవడానికి ఇచ్చిన మాట ఒక్కటే కారణం కాదు. వద్దని ఒక్క మాట అంటే, కంట్రోలర్ తనవాళ్ల దిక్కు మొగ్గాడని జహీరాబాద్ అంతా అంటుంది. అదీ ఒక కారణం. రెండింటిలో ఏది పెద్దదో అతనికి తెలుసు. తెలిసి తలుపు మూసుకున్నాడు.

సాయంత్రం ముఖ్తార్‌కు ఫోన్ చేశాడు. బసమ్మ ఏమన్నదో చెప్పలేదు. సంతకానికి ముందే ఆమెకు ఆ సంగతి చెప్పమన్నాడు.

"చూద్దాం సాబ్. ఇన్షా అల్లా."

"చూద్దాం అంటే చెప్పవన్నమాట."

అవతల ఫోన్ పెట్టేశాడు.

*

ఒప్పంద పత్రం అతనే రాశాడు. టైములు రాసి రాసి కుదిరిన చేతిరాత, ప్రతి అక్షరం విడివిడిగా ఉంటుంది. కాలువ తెరవాలి. ముఖ్తార్ ఖర్చుతో వెడల్పు చేయాలి. బసమ్మ రాళ్లు పేర్చుకోవచ్చు. ఇక మీద పోలీసుల దగ్గరికి పోరాదు. రెండుసార్లు చదివి వినిపించాడు.

"ఇంకేమన్న చెప్పేది ఉంటే ఇప్పుడే చెప్పున్రి," అన్నాడు. ముఖ్తార్ వైపు చూడలేదు. చూస్తే అది కూడా చెప్పడమే.

ఫ్యాన్ తిరుగుతోంది. కాగితం మీద బరువుగా పెట్టిన తాళంచెవి అంచున కాగితం కొట్టుకుంటోంది.

"ఎవరికన్న చెప్పేది ఉన్నదా?" మళ్లీ అడిగాడు.

గౌహర్ బేగం భర్త ముఖంలోకి చూసింది. ముఖ్తార్ గడ్డం నిమురుకున్నాడు. "ఏం లేదు సాబ్. బసమ్మ పెద్దమనసు చేసుకున్నది. షుక్రియా."

"నా దిక్కెల్లి ఏం లేదు," అంది బసమ్మ. పెన్ను అందుకుంది. రాత్రి బడిలో నేర్చుకున్న సంతకం. కాగితం మీదికి వంగి, నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని, తాపీగా మొదటి అక్షరం రాసింది. రాసిన దాన్ని ఒకసారి చూసుకుంది. బాగానే వచ్చిందన్నట్టు మహాదేవప్ప వైపు చూసింది.

అతను కాగితం మీద అరచెయ్యి పెట్టాడు.

"ఆగు."

"ఏమైంది అన్నా? తప్పు రాసిన్నా?"

"తప్పేం రాయలె. నేను లేస్తున్న." కాగితాన్ని ఆమె పెన్ను కింది నుంచి లాగి, నాలుగు మడతలు పెట్టి, అడ్డంగా చింపాడు. "ఈ తగాదకు నేను మధ్యవర్తిని కాను. మీకు వేరేవాళ్లను ఇస్తరు."

ముఖ్తార్ లేచి నిలబడ్డాడు. అతని ముఖం ముందు తెల్లబడి తర్వాత ఎర్రబడింది. ఇప్పుడు చెప్పేస్తాడనుకున్నాడు. మహాదేవప్ప చెప్పలేదు. చెప్పడని తేలాక ముఖ్తార్‌కు కోపం వచ్చింది.

"ఎందుకు లేస్తున్నవ్?"

"ఎందుకని అడగొద్దని ముందే చెప్పిన."

"నేను చెప్త ఎందుకో. ఆఖర్కి నీ జాత్ చూపించినవ్ కంట్రోలర్ సాబ్. ఆమె ఒప్పుకున్నా నువ్వు ఒప్పుకోలే. బొట్టు తుడుచుకుంటే లోపలిది పోతదా?"

"నడువున్రి," అంది గౌహర్ బేగం. భర్త చెయ్యి పట్టుకుని బయటికి లాగింది. పోతూ ఒకసారి వెనక్కి చూసింది. ఆమెకు అర్థమైంది.

మహాదేవప్ప మెడలో కార్డు తీసి పక్క ఆఫీసులో క్లర్కు బల్ల మీద పెట్టాడు. క్లర్కు కారణం రాయమని కాగితం ఇచ్చాడు. సొంత కారణాలు అని రాశాడు.

*

రెండు రోజుల్లో మాట బస్టాండు దాకా వచ్చింది. హోటల్లో చాయ్ తాగుతుంటే పాత డ్రైవర్ బస్వరాజ్ పక్కన కూర్చుని భుజం తట్టాడు. "మంచిగ చేసినవ్‌లే. ఎంతైనా మనోళ్లు మనోళ్లే." మహాదేవప్ప సగం చాయ్ వదిలేసి లేచాడు.

ఇంటికి వచ్చేసరికి గడప ముందు బసమ్మ కూర్చుని ఉంది. గుడ్డలో కట్టిన జొన్నరొట్టెలు, పల్లీల పొడి.

"నేను నీ దిక్కు లేవలేదు బసమ్మా," అన్నాడు అతను నిలబడే.

"తెల్సు తెల్సు. పైకి గట్లనే చెప్పాలె."

"పైకి కాదు. నిజంగ చెప్తున్న."

"నేనెవరికన్న చెప్తనా? నాలుగు జానలు నేనే ఇస్తనన్న. నీకే మనసొప్పలే. నా చేను పోతదని లోపల రంధి పెట్టుకున్నవ్. నేను ఆనాడే అనుకున్న, పైకి గోడ లెక్కున్నా లోపల మనిషున్నడని." కళ్లు ఒత్తుకుంది. "నాకెవరున్నరు అన్నా. నువ్వు ఉన్నవ్."

రొట్టెలు గడప మీద పెట్టి వెళ్లిపోయింది. చెయ్యని మేలుకు దండం అందుకోవడం తిట్టు తినడం కంటే కష్టమని అతనికి అరవై రెండో ఏట తెలిసింది. రొట్టెలు తీసుకుపోయి పక్కింటి బర్రెకు పెట్టాడు.

ఆ మర్నాడు పొద్దున ఏడు గంటలకు ముఖ్తార్ వచ్చాడు. బట్టల నిండా మట్టి. సలాం చెప్పలేదు.

"నువ్వు ఆమెకు చెప్పలే," అన్నాడు.

"లేదు."

"ఊరంత నిన్ను అంటుంటే గూడ చెప్పలే."

"మాటిచ్చిన."

"చెప్పి ఉంటే మంచిగుండె. నిన్ను తిట్టుకొని పండుకుంటుంటి." గడప మీద కూలబడ్డాడు. "నిన్న పొద్దుగూకే ముందు పార తీసుకొని గెట్టు మీదికి పోయిన సాబ్. కాల్వ తెంపుదామనే పోయిన. బసమ్మ కింద కూసోని దుంపలకు మట్టి కప్పుతున్నది. నన్ను చూసింది. లేవలే. పార పట్టుకున్నోన్ని చూసి గూడ మట్టి కప్పుకుంటనే ఉన్నది. నేను వాపస్ వచ్చిన."

మహాదేవప్ప తనూ గడప పక్కన కూర్చున్నాడు.

"మా ఇంట్లామె మూడు దినాల సంది నాతోని మాట్లాడ్తలేదు. అన్నం పెడ్తది, పోతది. ఇయ్యాల పోయి చెప్పేస్త. నువ్వు జర తోడు రావాలె."

"నేనెందుకు? నాకు కార్డు గూడ లేదు."

"కార్డుతోని ఏం పని. ఆమె చేతిల గూడ పార ఉంటది. నడుమ ఎవరన్న ఉండాలె గద."

*

ముగ్గురూ పై చేను లోపలి నుంచి నీళ్లలో నడిచి గట్టు మీదికి వచ్చారు. గౌహర్ బేగం వెనక ఉంది. బసమ్మ కింది నుంచి చూసి గట్టెక్కి వచ్చి నడుముకు చెయ్యి పెట్టుకుని నిలబడింది. ముఖ్తార్ మూల బెడ్డులోంచి ఒక మొక్కను రెండు వేళ్లతో పైకి తీశాడు. అది ఊడి వచ్చింది. తీసుకొచ్చి గట్టు మీద ఆమె కాళ్ల ముందు పెట్టాడు.

బసమ్మ వంగి వాసన చూసింది. మళ్లీ చూసింది.

"ఎన్నడు చూసినవ్?"

"పదిహేను దినాలైతది."

"నేను కాల్వ మూసినంకనా, ముందా?"

"ముందు," అన్నాడు ముఖ్తార్. గొంతు వినబడీ వినబడనట్టుంది.

ఆమె గబగబా తన చేన్లోకి దిగింది. కాలువ అంచు బెడ్డు దగ్గర కూర్చుని ఒక మొక్క కాడను రెండు వేళ్లతో పట్టుకుని లాగింది. రాలేదు. గట్టిగా లాగింది. మట్టితో సహా దుంప బయటికి వచ్చింది. గోటితో గీరింది. లోపల తెలుపు, పసుపు, శుభ్రంగా ఉంది. రెండో బెడ్డులో ఇంకోటి లాగింది. ఒడ్డు తెగిన చోట మూడోది లాగింది. పై గట్టు మీద ముగ్గురూ కదలకుండా చూస్తున్నారు. మూడోదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. తర్వాత దాన్ని తిరిగి గుంటలో పెట్టి మట్టి కప్పింది.

"ఇప్పటికైతే లేదు," అంటూ పైకి వచ్చింది. "పడమరకు తవ్వు ముఖ్తార్ భాయ్. మూడు బెడ్లు అక్కర్లేదు. వంపు పట్టుకొని పోతే రెండు చాలు. నేను గూడ పార తీసుకొని వస్త. సేట్లకు నేను చెప్పను. ఈ ఏడు విత్తనానికి అమ్మనని నువ్వే ఒట్టు పెట్టు. కూరకు అమ్ముకో."

"కసమ్," అన్నాడు ముఖ్తార్. "నా పిల్లల మీద కసమ్."

గౌహర్ బేగం ముఖం తిప్పుకుని కొంగుతో తుడుచుకుంది.

బసమ్మ అప్పుడు మహాదేవప్ప వైపు తిరిగింది. "నీకెన్నడు తెల్సింది?"

"చేను చూడొచ్చిన దినం."

"అంటే నేను మీ ఇంటికొచ్చి, కాల్వ తెరుస్త, మంచిదా చెడ్డదా అని అడిగిననాడు నీకు తెల్సు."

"తెల్సు."

"పెన్ను నా చేతికిచ్చిననాడు తెల్సు."

"తెల్సు."

"ఆయన మాటిచ్చిండు బసమ్మా," అన్నాడు ముఖ్తార్ మధ్యలోకి వచ్చి. "నేనే చెప్పొద్దన్న. తప్పు నాది."

"నీకు మాటిచ్చిండు. నాకేమిచ్చిండు?" ఆమె గొంతు పెంచలేదు. "నువ్వు పంట కోసం దాచినవ్. పంట పెట్టినోనికి ఆ భయం ఎట్లుంటదో నాకు ఎర్కే. ఈయన దేనికోసం దాచిండు?"

ఆపాను కదా అని మహాదేవప్ప నోటి దాకా వచ్చింది. ఒక అక్షరం రాసేదాకా ఎందుకు ఆగావని ఆమె అడుగుతుంది. దానికి అతని దగ్గర జవాబు ఉంది. చెప్పదగినది కాదు. కింది చేను గుండా రోడ్డు దగ్గర కనుక అటు దిగబోయాడు.

"ఇటు దిగకు," అంది బసమ్మ. "ఆ చేను మట్టి నీ కాళ్లకున్నది. చుట్టు తిరిగి పో."

అతను కాళ్లు చూసుకున్నాడు. పిక్కల దాకా ఎర్రగా ఉన్నాయి. వెనక్కి తిరిగి, వచ్చిన దారినే, నీళ్లలోంచి నడిచాడు. వెనక బసమ్మ, ముఖ్తార్ కాలువ ఎక్కడ వంచాలని వాదించుకుంటున్నారు. నీ కండ్లు పోయినయా, వంపు అటెక్కడున్నదని ఆమె అంటోంది. నీళ్లు నిన్ను అడిగి పోతయా అని ముఖ్తార్ అంటున్నాడు. పార మట్టిలో దిగిన చప్పుడు వినబడింది. మహాదేవప్ప రోడ్డెక్కి జహీరాబాద్ బస్సు కోసం నిలబడ్డాడు.